మోడల్ రైలు లేఅవుట్‌కి కొత్త సామాన్లు: కొనడం, బిగించడం, మన గోదావరి డెల్టా తేమలో కాపాడుకోవడం

బల్ల మీద ఇప్పటికే ఒక చిన్న రైలు తిరుగుతోంది. దానికి ఇంకో పాయింటు (పట్టా రెండు దారులుగా చీలే ముక్క) కలపాలి, కొత్త ఇంజను తేవాలి, కుదిరితే కాలవ మీద ఒక వంతెన వెయ్యాలి. ఆ దశలో ఉన్నవాళ్ల కోసమే ఈ మార్గదర్శి. మొదటిసారి మొదలుపెట్టేవాళ్లకీ పనికొస్తుంది గానీ, ఇక్కడ పదే పదే వచ్చే ప్రశ్న ఒకటే: కొత్తగా తెచ్చేది ఉన్నదాంట్లో ఇముడుతుందా? ఈ సరదాలో డబ్బు ఎక్కువగా పోయేది అక్కడే. ఫొటో చూసి మోజుపడి తెప్పించిన ఇంజను మన మలుపు తిరగలేక పక్కకి పడుతుంది. అమెరికా నుంచి బావగారు ప్రేమగా మోసుకొచ్చిన పవర్ ప్యాక్ ప్లగ్గులో పెట్టగానే పొగ వదులుతుంది. ఈ రెంటికీ మందు కొనేముందే ఉంది.

1. ముందు నోటుబుక్కు తియ్యండి

మీ లేఅవుట్ సంగతులు ఒక పేజీలో రాసుకోండి. కొట్టువాణ్ణి అడిగేటప్పుడు, ఆన్‌లైన్‌లో వెతికేటప్పుడు ఆ పేజీ ఎదురుగా ఉండాలి.

మొదటిది స్కేలు. హెచ్‌ఓ అంటే అసలు బండిలో 87వ వంతు, పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. ఎన్ స్కేలు 160వ వంతు, 9 మి.మీ. బ్రిటన్ వాళ్ల ఓఓ స్కేలు 76వ వంతే అయినా నడిచేది అదే 16.5 మి.మీ. పట్టా మీద. అందుకని హార్న్‌బీ కంపెనీ ఓఓ ఇంజను మీ హెచ్‌ఓ పట్టా మీద బాగానే తిరుగుతుంది, హెచ్‌ఓ పెట్టెల ముందు పెడితే మాత్రం ఎబ్బెట్టుగా పెద్దగా కనబడుతుంది. మన బ్రాడ్‌గేజ్ 1676 మి.మీ. దాన్ని 87తో భాగిస్తే 19.26 వస్తుంది. అంటే 16.5 పట్టా మన రైళ్లకి కొంచెం ఇరుకే. భారతీయ ఇంజన్ల నమూనాలు చేసేవాళ్లు సాధారణంగా ఈ తేడాని వదిలేసి 16.5 మీదే చేస్తారు. మీరూ వదిలెయ్యండి. పంతానికి పోతే పట్టా దగ్గర్నుంచి చక్రం దాకా అన్నీ చేత్తో చేసుకోవాలి.

రెండోది రైలు ఎత్తు (ఇక్కడ రైలంటే బండి కాదు, పట్టాలోని లోహపు కమ్మీ), దాన్నే కోడ్ అంటారు. కోడ్ 100 అంటే 2.54 మి.మీ., కోడ్ 83 సుమారు 2.1, కోడ్ 75 సుమారు 1.9. రెండు కోడ్‌లు నేరుగా కలవవు, మధ్యలో ప్రత్యేకమైన జాయినర్ (రెండు రైళ్ల చివర్లని కలిపే చిన్న తొడుగు) కావాలి. మీ పట్టా కోడ్ తెలియకపోతే వెర్నియర్ కాలిపర్ పెట్టి కొలవండి.

మూడోది కరెంటు: మామూలు డీసీనా, డీసీసీనా (పట్టా మీద ఒక్కో ఇంజనుకీ విడిగా డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి). మార్క్‌లిన్ వాళ్ల హెచ్‌ఓ పద్ధతి వేరు. వాటికి కరెంటు స్లీపర్ల (పట్టా కింది అడ్డదిమ్మల) మధ్యనుండే మేకుల ద్వారా అందుతుంది, రెండు పట్టాలూ ఒకటే వైపు. ఆ పెట్టెల చక్రాలకి మధ్యలో ఇన్సులేషన్ ఉండదు కనుక మామూలు రెండు పట్టాల లేఅవుట్ మీద పెడితే షార్ట్ అవుతుంది. సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా కనబడేసరికి చాలామంది ఇక్కడే బోల్తా పడతారు.

నాలుగోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, మలుపు. హార్న్‌బీ, పీకో సెట్ పట్టాల్లో రెండో వంపు వ్యాసార్ధం 438 మి.మీ., మూడోది 505, నాలుగోది 572. ఇప్పుడు మన ఎక్స్‌ప్రెస్‌లకి వేసే కొత్తరకం ఎల్‌హెచ్‌బీ పెట్టె చూడండి. అసలు బండిలో పెట్టె ఒళ్లు 23.54 మీటర్లు, హెచ్‌ఓలో 27 సెం.మీ. పెట్టె పొడవుకి మూడు రెట్ల వ్యాసార్ధం ఉంటే బండి సాఫీగా పోతుందని మోడలర్లు వాడే లెక్క ఒకటుంది. ఆ ప్రకారం 81 సెం.మీ. కావాలి. పాత ఐసీఎఫ్ పెట్టె 24.5 సెం.మీ., దానికి 73. ఇంతకన్నా తక్కువలో తిరగదని కాదు. తిరుగుతుంది, కానీ మలుపులో పెట్టె మధ్యభాగం పట్టా దాటి లోపలికి వచ్చి ప్లాట్‌ఫారం అంచుని గీస్తుంది. కొనేముందు అమ్మేవాణ్ణి అడగాల్సిన మాట ఒక్కటే: "దీనికి కనీస వ్యాసార్ధం ఎంతండీ?" జవాబు రాకపోతే కొనకండి.

వీటి కింద కప్లింగ్ రకం, లూప్ లైన్ (బండి పక్కకి తప్పుకుని ఆగే పట్టా) పొడవు కూడా రాసుకోండి. వాప్-7 ఇంజను హెచ్‌ఓలో సుమారు 24 సెం.మీ., ఒక్కో ఎల్‌హెచ్‌బీ పెట్టె కప్లింగ్‌తో సహా దాదాపు 27.6. నాలుగు పెట్టెల గౌతమి ఎక్స్‌ప్రెస్ నిలబడాలంటే లూప్‌లో మీటరున్నర ఖాళీ పట్టా ఉండాలి. అయిదో పెట్టె కొనేముందు టేపు తియ్యండి.

2. మన నేలకి ఏం కావాలి

డెల్టా చదును. సిద్ధంగా దొరికే ఎత్తుపల్లాల స్తంభాల సెట్లు, సొరంగం ముఖద్వారాలు, కొండరాళ్ల అచ్చులు మనకి అక్కర్లేదు. ఎక్కుడు పట్టా పెట్టాలంటే ఎలాగూ చాలా చోటు పోతుంది. నూటికి రెండు వాలుతో 7 సెం.మీ. ఎక్కడానికి మూడున్నర మీటర్లు కావాలి. ఆ డబ్బూ, ఆ చోటూ వంతెనకి పెట్టండి.

వంతెన అనగానే అందరికీ రాజమండ్రి ఆర్చి వంతెన మీదికే మనసు పోతుంది. 1997లో వాడుకలోకి వచ్చిన ఆ వంతెనకి 28 ఆర్చిలు, ఒక్కోటి 97.55 మీటర్లు. హెచ్‌ఓలో ఒక్క ఆర్చి 112 సెం.మీ. అవుతుంది. మొత్తం వంతెన కడితే 31 మీటర్లు దాటుతుంది, అంటే హాలు, వంటగది, పెరడు దాటి పక్కింటి వాళ్ల దొడ్డిలోకి పోవాలి. ఎన్ స్కేలులో ఒక ఆర్చి 61 సెం.మీ. కనక హెచ్‌ఓ వాళ్లు 60 సెం.మీ. ఆర్చి ఒకటో రెండో పెట్టుకుంటే కంటికి ఆనుతుంది. 1900లో తెరిచి 1997లో ఆపేసిన హేవలాక్ వంతెన గడ్డర్లు ఒక్కోటి సుమారు 45.7 మీటర్లు, హెచ్‌ఓలో 52.5 సెం.మీ. ఇది కొలతకి కొలత పెట్టుకోవచ్చు. బజార్లో దొరికే స్టీలు ట్రస్ వంతెనల కిట్లు రెండు కలిపి కోసుకుంటే దాదాపు ఆ పొడవుకి వస్తాయి.

చిన్న బల్ల ఉన్నవాళ్లకి నా సలహా కాకినాడ–కోటిపల్లి లైను. 45 కిలోమీటర్ల ఒంటి లైను, ఒకప్పుడు రైలుబస్సు నడిచిన దారి. ఒక ఇంజను, రెండు పెట్టెలు, చిన్న ప్లాట్‌ఫారం, పక్కన వరిచేలు, నాలుగు కొబ్బరిచెట్లు. వంపులు బిగుతుగా ఉన్నా పొట్టి బండి కాబట్టి ఇబ్బంది లేదు. భీమవరం జంక్షన్ కడదామని మొదలుపెట్టి పాయింట్ల ఖర్చు చూసి సగంలో వదిలేసిన బల్ల కన్నా, పూర్తయిన చిన్న హాల్టు నయం.

3. ఎక్కడ, ఎలా కొనాలి

కరెంటు, చక్రం తగిలే ప్రతిదీ పేరున్న కంపెనీదే కొనండి: పట్టాలు, పాయింట్లు, ఇంజను, డీకోడర్ (డీసీసీ ఆదేశాలు అందుకోడానికి ఇంజను లోపల పెట్టే చిప్పు), కప్లింగ్‌లు. మిగతావన్నీ ఊళ్లోనే. ప్లైవుడ్, రీపర్లు, హౌస్‌వైరింగ్ తీగ, సాల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్, ఫెవికాల్, రంగులు, ఇసుక, కొబ్బరిపీచు. ఇంటిదగ్గర దొరికే దాన్ని విదేశీ ప్యాకెట్లో కొనడం నాకు ఎప్పుడూ మింగుడుపడదు.

పట్టాల్లో నికెల్ సిల్వర్ రకమే తీసుకోండి. స్టీలు పట్టా చవక, కానీ నరసాపురం, అంతర్వేది, కాకినాడ వైపు ఉప్పుగాలికి త్వరగా తుప్పు పట్టేస్తుంది. ఇత్తడి పట్టా మీద మకిలి త్వరగా చేరి కరెంటుకి అడ్డం పడుతుంది.

బయటిదేశాల నుంచి వచ్చే పవర్ ప్యాక్ ఏదైనా ముందు దాని వెనకున్న అక్షరాలు చదవండి. "100–240 వోల్టులు" అని ఉంటే ప్లగ్గు మార్చే అడాప్టర్ చాలు. "120 వోల్టులు, 60 హెర్ట్జ్" అని ఉంటే అది అమెరికాది, మన 230 వోల్టుల్లో పెడితే కాలిపోతుంది. జపాన్‌ది 100 వోల్టులు. వీటికి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, లేదా మనదేశంలోనే అదే అవుట్‌పుట్ ఇచ్చే అడాప్టర్ కొనుక్కోవాలి. బ్రిటన్ వాళ్ల వోల్టేజీ మనదే, ప్లగ్గు ఆకారం మాత్రం వేరు. బంధువులకి లిస్టు పంపేటప్పుడే "కంట్రోలర్ వద్దు, ఇంజను చాలు" అని రాయండి.

పార్సిల్‌లో తెప్పిస్తే కస్టమ్స్ లెక్క ముందే వేసుకోండి. మోడల్ రైళ్లు కస్టమ్స్ పట్టికలో ఆటవస్తువుల శీర్షిక 9503 కిందకి వస్తాయి. ఆటవస్తువుల మీద సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. ఈ రేట్లు బడ్జెట్లలో మారుతుంటాయి కాబట్టి ఆర్డరు పెట్టే రోజు ఎంతుందో చూసుకోవాలి. సుంకం వేసేది వస్తువు ధర మీదే కాదు, రవాణా ఖర్చూ కలుస్తుంది, పైన జీఎస్టీ. పిల్లల ఆటవస్తువులకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేసిన ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉంది, దానివల్ల కూడా పార్సిల్ ఆగొచ్చు. బిల్లు సరిగ్గా, వివరంగా ఉన్న అమ్మకందారుణ్ణే ఎంచుకోండి. ఇవన్నీ కలిపి చూస్తే మనదేశంలో స్టాకు పెట్టుకున్న దుకాణం చెప్పిన ధర అంత ఎక్కువేం కాదనిపిస్తుంది.

సెకండ్‌హ్యాండ్ ఇంజను అయితే అడుగుభాగం ఫొటో అడగండి. పాత జింకు పోతలో మలినాలుంటే లోహం లోపల్నుంచే పగుళ్లుబారి ఉబ్బుతుంది. తేమ తగిలితే అది ఇంకా తొందరపడుతుంది. ఛాసిస్ మీద సన్నని గీతలు, వంకర, పెచ్చులు కనబడితే ఎంత చవకైనా వద్దు, మన వాతావరణంలో అది నిలవదు.

4. పార్సిల్ వచ్చాక

తెరుస్తూ వీడియో తియ్యండి. ఇంజనుని వెంటనే లేఅవుట్ మీద పెట్టకుండా, విడి పట్టాముక్క మీద రెండువైపులా కాసేపు నడపండి. లోపలున్న సిలికా జెల్ పొట్లాలు పారెయ్యకండి, వర్షాకాలంలో డబ్బాలో వెయ్యడానికి పనికొస్తాయి. అసలు డబ్బా కూడా దాచండి.

5. బల్ల, గది

కొత్త భాగం కలపడానికి బల్ల పెంచుతున్నారా? అయితే ఐఎస్ 710 గుర్తున్న ప్లై అడగండి, కొట్టులో మెరైన్ ప్లై అంటే ఇస్తారు. 12 మి.మీ. మందం, కింద 40 సెం.మీ.కి ఒక రీపరు. రంగు దగ్గర మేస్త్రితో కాస్త వాదన తప్పదు. "అడుగువైపు, అంచులకీ కూడా రెండు కోట్లు వెయ్యండి మేస్త్రిగారూ" అంటే, "కింద ఎవరు చూస్తారండీ, పెయింటు దండగ కదండీ" అంటారాయన. వేయించండి. పైన మాత్రమే రంగు వేస్తే ఆషాఢం వచ్చేసరికి అడుగు తేమ పీల్చి ఉబ్బుతుంది, పైభాగం ఉబ్బదు, బల్ల విల్లులా వంగుతుంది. దాని మీదున్న పట్టా కీళ్లన్నీ అక్కడే విడిపోతాయి.

బల్లని గోడకి ఆనించకుండా నాలుగు వేళ్ల సందు వదలండి, వానకి చెమ్మగిల్లే గోడ నుంచి చెదలు ముందు అటే వస్తాయి. లంక గ్రామాల్లో ఉన్నవాళ్లయితే మేడమీద గదే మేలు.

6. పాత పట్టాలో కొత్త పాయింటు బిగించడం

ఈ పని ఒక్కటి చేతికొస్తే మిగతావన్నీ తేలికే, కాబట్టి నింపాదిగా చెబుతాను. ఉదాహరణకి పీకో స్ట్రీమ్‌లైన్ మీడియం పాయింటు, పొడవు 219 మి.మీ. చిన్నది 185, పెద్దది 258.

చోటు ఎంచుకోండి. తిన్నటి పట్టా ఉండాలి, వంపు మొదలయ్యే చోట వద్దు. పాయింటుని పాత పట్టా మీద ఆనించి పెట్టి, రైలు రెండు చివర్లూ సరిగ్గా ఎక్కడికి వస్తున్నాయో సన్నటి మార్కరుతో గీయండి. పాయింటు కదిలించే అడ్డపట్టీ ఎక్కడ వస్తుందో కూడా గుర్తు పెట్టండి. పాయింటుని కదిపే మోటారు బల్లకింద పెట్టే ఉద్దేశం ఉంటే ఆ గుర్తు దగ్గర 10 మి.మీ. బెజ్జం ఇప్పుడే వెయ్యాలి, పాయింటు బిగించాక డ్రిల్లు దింపితే చెక్కపొట్టు అంతా పాయింటు బ్లేడుల్లోకి (అటూ ఇటూ కదిలే సన్న రైళ్లలోకి) పోతుంది.

కరెంటు తీసెయ్యండి. పాత కంకర ఫెవికాల్‌తో అతికి ఉంటుంది. గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, తడిపి, పావుగంట ఆగితే మెత్తబడుతుంది. పాత ఏటీఎం కార్డుతో గీకెయ్యండి.

కోయడానికి సన్నపళ్ల రంపం కావాలి. హ్యాక్‌సా బ్లేడు మందం ఎక్కువ, గీత దగ్గర లోహం తినేస్తుంది. కంసాలి వాడే విల్లురంపం ఇంతకన్నా బాగా తెగుతుంది. పట్టా పక్కలకి చిన్న చెక్కముక్క ఆనించి పట్టుకుని, బరువు పెట్టకుండా, రంపం బరువుతోనే కొయ్యండి. తొందరపడితే రైలు స్లీపరు మీది కొక్కేల్లోంచి ఊడి వస్తుంది. కోశాక సన్న ఆకురాయితో పైన, లోపలివైపు, అడుగున మూడుచోట్లా కోతకి లేచిన గరుకు తియ్యండి. గోటితో అడ్డంగా గీసి చూడండి, ఎక్కడ గోరు తట్టుకుంటే అక్కడ చక్రమూ తట్టుకుంటుంది.

ఇప్పుడు చిక్కు: రెండు వైపులా పట్టా కదలకుండా ఉంది, మధ్యలో పాయింటు దింపాలి, జాయినర్లు ఎలా ఎక్కించాలి? పాత పట్టా చివర రెండు స్లీపర్ల కొక్కేలు చాకుతో కోసెయ్యండి. జాయినరుని పాత రైలు మీదికి మొత్తంగా తోసెయ్యండి, చివర ఒట్టి రైలే కనబడాలి. పాయింటుని తిన్నగా కిందికి దింపండి. ఆ తర్వాత సన్నమూతి పటకారుతో జాయినర్ని సగం వెనక్కి లాగి పాయింటు రైలు మీదికి ఎక్కించండి. నాలుగైదు నిమిషాల ఓపిక పని, జాయినరు వంగితే పారేసి కొత్తది తియ్యండి.

పాయింటులో రెండు దారుల రైళ్లు ఒకదాన్నొకటి దాటే చోటుని ఫ్రాగ్ అంటారు. దానికీ కరెంటు అందే ఎలక్ట్రోఫ్రాగ్ రకమైతే, ఫ్రాగ్ నుంచి బయటికి వచ్చే రెండు లోపలి రైళ్లకి ప్లాస్టిక్ ఇన్సులేటెడ్ జాయినర్లు తప్పనిసరి, లేకపోతే షార్టు. ఫ్రాగ్‌కి కరెంటు అందని ఇన్సుల్‌ఫ్రాగ్‌కి మామూలువే చాలు, కానీ పొట్టి ఇంజన్లు ఫ్రాగ్ మీద ఆగిపోతుంటాయి. రైలుబస్సులాంటిది నడిపేవాళ్లు ఎలక్ట్రోఫ్రాగ్ వైపే పోవాలి.

కీలులో సందు ఎంత? నికెల్ సిల్వర్ మీటరు పట్టా 20 డిగ్రీల తేడాకి మిల్లీమీటరులో మూడోవంతు సాగుతుంది. సంక్రాంతి సెలవుల్లో పట్టా వేస్తుంటే విజిటింగ్ కార్డు మందం సందు వదలండి. మే నెలలో, రాజమండ్రి ఎండలో గది ఉడికిపోతున్నప్పుడు వేస్తుంటే బిగుతుగా కలిపెయ్యండి. ఇవన్నీ సాల్డర్ చేసేస్తే వేసవిలో పట్టా పాములా మెలిక తిరుగుతుంది, కాబట్టి వంపుల్లో కీళ్లకి మాత్రమే సాల్డరు.

పాయింటుకి జిగురు వద్దు. రెండు చివర్లా ఒక్కో పట్టామేకు, అదీ స్లీపరుని నొక్కేంత గట్టిగా కాదు. ఇంజను పెట్టకముందు ఒక పెట్టెని వేలితో తోసి చూడండి: ముందుకి, వెనక్కి, తిన్నగా, పక్కదారిలోకి. చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం హెచ్‌ఓలో సుమారు 14.4 మి.మీ. ఉండాలి. పెట్టె ఒక్కచోటే పదేపదే ఎక్కుతుంటే పాయింటు తప్పు, అన్ని పాయింట్ల దగ్గరా అదే పెట్టె పడుతుంటే చక్రం తప్పు.

పాయింటు మోటార్లలో రెండు జాతులు. సాలినాయిడ్ టక్కున కొడుతుంది, చవక. దానికి నొక్కి వదిలే బటనే పెట్టాలి, స్విచ్చు ఆన్‌లో ఉండిపోతే లోపలి తీగచుట్ట కాలిపోతుంది. కరెంటు కూడబెట్టి ఒక్కసారిగా వదిలే కెపాసిటర్ డిశ్చార్జ్ యూనిట్ ఒకటి మధ్యలో పెడితే ఆ భయం పోతుంది, దెబ్బా గట్టిగా పడుతుంది. టార్టాయిస్ లాంటి నెమ్మది మోటార్లు ఖరీదు ఎక్కువైనా మెల్లగా కదులుతాయి, ఫ్రాగ్‌కి కరెంటు మార్చే స్విచ్చు వాటిలోనే ఉంటుంది. చేతికందే దూరంలో ఉన్న పాయింటుకి నేనైతే మోటారే పెట్టను, వేలు చాలు.

7. తీగలు, రూపాయి బిళ్ళ పరీక్ష

జాయినర్ల మీద కరెంటు భారం వెయ్యకండి. ఉప్పుగాలికి అవి ఏడాది తిరక్కుండానే లోపల మసకబారతాయి. బల్లకింద 1.5 చదరపు మి.మీ. హౌస్‌వైరింగ్ తీగ రెండు రంగుల్లో ఈ చివర్నుంచి ఆ చివరికి లాగండి. దాన్నుంచి ప్రతి మీటరుకీ, పాయింటు దాటిన ప్రతి ముక్కకీ సన్నటి తీగ పైకి తీసి రైలు బయటి పక్కకి సాల్డర్ చెయ్యండి. రైలుని ముందు శుభ్రంగా గీరి, పేస్టు రాసి, బాగా వేడెక్కిన ఐరన్‌తో రెండు మూడు సెకన్లలో ముగించాలి. ఎక్కువసేపు ఆనిస్తే స్లీపర్లు కరుగుతాయి. అటూ ఇటూ తడిగుడ్డ ముక్కలు పెట్టుకుంటే మంచిది. ఎలకల బెడద ఉన్న ఇళ్లలో తీగలు పీవీసీ కేసింగులో పడెయ్యండి.

డీసీసీ వాళ్లు అన్నీ అయ్యాక పట్టా పొడుగునా అక్కడక్కడా రెండు రైళ్ల మీద అడ్డంగా రూపాయి బిళ్ళ పెట్టండి. ప్రతిచోటా కమాండ్ స్టేషన్ (డీసీసీ ఆదేశాలు పంపే కంట్రోలర్) వెంటనే ట్రిప్ అవ్వాలి. ఎక్కడైనా ట్రిప్ అవ్వకపోతే అక్కడికి కరెంటు సరిగా చేరడం లేదన్నమాట, నిజంగా షార్ట్ అయిన రోజున ఇంజను చక్రాలు కాలేది అక్కడే. ఆ చోట ఇంకో తీగ దింపండి. ఇన్వర్టరు మీద నడిపేవాళ్లు స్క్వేర్‌వేవ్ రకంతో జాగ్రత్త, పాత ట్రాన్స్‌ఫార్మర్ కంట్రోలర్లు దాని మీద గుర్రుమంటూ వేడెక్కుతాయి. తుపాను హెచ్చరిక ఉన్నప్పుడు ప్లగ్గు పీకెయ్యడం మంచిది.

8. ఇంజనుకి డీకోడర్ పెట్టడం

ముందు ఇంజనుని మామూలు డీసీ మీద నడిపి చూడండి. డీసీలో కుంటేది డీసీసీలోనూ కుంటుంది.

డీకోడర్ గుచ్చే సాకెట్ ఏ రకమో ఇంజను డబ్బా మీద రాసి ఉంటుంది: 8 పిన్నులు, 21 పిన్నులు, నెక్స్ట్ 18, ప్లక్స్ 22. ఆ రకం డీకోడరే కొనాలి. ఇంజను పైతొడుగు స్క్రూలు తీసి, సన్న తీగలు లాక్కుపోకుండా మెల్లగా పైకెత్తండి. సాకెట్‌లో ఉన్న డమ్మీ ప్లగ్గు తీసి డబ్బాలో దాచండి. 8 పిన్నుల దాంట్లో ఒకటో పిన్ను నారింజ రంగు తీగ, సాకెట్ మీద ఒకటి గుర్తు వైపు అది రావాలి. సాకెట్ లేని పాత ఇంజన్లలో తీగలు విడిగా కలపాలి: ఎరుపు కుడి పట్టా, నలుపు ఎడమ పట్టా, నారింజ, బూడిద రెండూ మోటారుకి, తెలుపు ముందు దీపం, పసుపు వెనక దీపం, నీలం దీపాలకి ఉమ్మడి. మోటారు కొసలు ఛాసిస్‌కి ఎక్కడా తగలకూడదు, మల్టీమీటర్‌తో చూసిగానీ తర్వాతి పనికి వెళ్లకండి. తగిలితే డీకోడర్ ఒక్క క్షణంలో పోతుంది.

పైతొడుగు పెట్టకుండానే ప్రోగ్రామింగ్ పట్టా (డీకోడర్ సెట్టింగులు మార్చడానికి విడిగా ఉంచిన పట్టాముక్క) మీద ఉంచి అడ్రసు, అంటే ఆ ఇంజనుని పిలిచే నంబరు, చదవండి. కొత్త డీకోడర్ అడ్రసు 3. అది చదివితే పట్టా, మోటారు తీగలు సరిగా ఉన్నట్టే. అప్పుడు అడ్రసు మార్చండి, బండి నంబరులో చివరి అంకెలు పెట్టుకుంటే గుర్తుంటుంది. డీకోడర్ సెట్టింగులని సీవీలంటారు, ఒక్కోదానికి ఒక నంబరు. సీవీ 3, 4 పెంచితే బండి నిదానంగా ఎత్తుకుని నిదానంగా ఆగుతుంది. గూడ్సుకి ఎక్కువ, ప్యాసింజరుకి తక్కువ పెట్టుకోండి. ఏదో మార్చబోయి ఏదో అయితే, చాలా డీకోడర్లలో సీవీ 8లో 8 అని రాస్తే మొదటికొస్తుంది.

9. పెట్టెలు

తేలికపాటి పెట్టెలు వంపుల్లో లోపలికి ఒరిగిపోతాయి. అంగుళానికి 14 గ్రాములు, దానికి అదనంగా 28 గ్రాములు అన్నది అమెరికా మోడలర్ల సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ హెచ్‌ఓ లెక్క. 27 సెం.మీ. పెట్టెకి 180 గ్రాముల దగ్గర. వంటింటి డిజిటల్ కాటా మీద పెట్టి, తక్కువైతే చేపల వలకి కట్టే సీసపు గుళ్లు నేలకి దగ్గరగా, మధ్యలో అంటించండి. కప్లింగ్‌లన్నీ ఒకే రకం, ఒకే ఎత్తు ఉండాలి, అంతే.

10. కంకర, కాలవ, కొబ్బరిచెట్లు

అసలు పట్టాల కింద కంకర సుమారు 50 మి.మీ. సైజు, హెచ్‌ఓలో అరమిల్లీమీటరు దాటి కొంచెం. పంగిడి వైపు నల్లరాయి క్వారీల డస్టు తెచ్చుకుంటే రంగు అచ్చం కుదురుతుంది. టీ వడకట్టులో జల్లించి మెత్తటి పొడి తీసెయ్యండి, పెద్ద గింజలు పైన ఏరెయ్యండి. ఇక్కడ ఒక పని మరిచిపోకూడదు: అయస్కాంతం. పాత స్పీకరు అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి, పళ్లెంలో పరిచిన డస్టు మీద నెమ్మదిగా తిప్పండి. కవరు అడుగున నల్లటి నూగు గుబురుగా నిలబడుతుంది. గోదావరి ఇసుకైనా, సముద్రపు ఒడ్డు నల్లిసుకైనా అంతే, ఇనుప ఖనిజం గింజలు ఉంటాయి. కవరు తిరగేసి దులిపేసి మళ్లీ తిప్పండి, ఏమీ అంటుకోనంత వరకూ. ఇది చెయ్యకపోతే ఆ గింజలే ఇంజను మోటారు అయస్కాంతానికి చేరి గేర్లని అరగదీస్తాయి.

కంకర పరిచి, మెత్తని కుంచెతో స్లీపర్ల మధ్యకి తోసి, సబ్బునీళ్లు తుంపరగా కొట్టి, ఒక వంతు ఫెవికాల్‌కి మూడు నాలుగు వంతుల నీళ్లు కలిపి సిరంజితో చుక్కలు వెయ్యండి. పాయింటు బ్లేడుల దగ్గర అంగుళం మేర పొడిగా వదలండి. వానాకాలంలో ఇది ఆరడానికి రెండు మూడు రోజులు పడుతుంది, ఆరేదాకా బండి నడపకండి.

కట్ట మట్టికి, పాక కప్పులకి కోనసీమ కొబ్బరిపొట్టు, పీచు ఏ ప్యాకెట్ సరుకుకీ తీసిపోవు. ముందు ఎండలో బాగా ఎండబెట్టి వాడండి, లేకపోతే బూజు. వరిదుబ్బులకి గోనెసంచి పోగులు పచ్చరంగులో ముంచి సెంటీమీటరు ముక్కలుగా కత్తిరించి వరసలుగా నాటండి. కాలవ నీళ్లకి అడుగున గోధుమరంగు, అంచులకి పసుపుపచ్చ వేసి పైన రెండు పలచటి పొరలు రెసిన్ పోయండి. నీలం వద్దు, మన కాలవల్లో ఆ రంగు నీళ్లు ఎవరు చూశారు?

కొబ్బరిచెట్టు 15 నుంచి 20 మీటర్లుంటే హెచ్‌ఓలో 17 నుంచి 23 సెం.మీ. ఉండాలి. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే వాటిలో ఎక్కువ భాగం ఇందులో సగం ఉంటాయి. వాటిని వెనకవైపు దూరంగా పెట్టి, ముందు వరసకి రెండు పెద్దవి చేసుకోండి: కరెంటు తీగ చుట్టూ పీచుదారం చుట్టి మాను, సన్నగా చీరిన పచ్చకాగితం మట్టలు.

11. కొనసాగింపు పని

పట్టాలు తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూగు రాలని గుడ్డ. చేతుల శానిటైజర్ వద్దు, అందులో గ్లిజరిన్ పట్టా మీద జిడ్డుగా మిగులుతుంది. గరుకు కాగితం అసలే వద్దు, అది గీసిన గీతల్లోనే మళ్లీ మకిలి చేరుతుంది. రోజూ తుడిచే ముందు బల్లి రెట్టలు చూడండి, ఒక్కటి చాలు బండి ఆగడానికి. కప్పడానికి ప్లాస్టిక్ షీటు అయితే లోపల చెమర్చుతుంది, దుప్పటి అయితే నూగు ఇరుసులకి చుట్టుకుంటుంది. పాత వాయిల్ చీర రెండు మడతలు వేసి కప్పితే చాలు.

ఇంజనుకి ప్లాస్టిక్‌ని తినని పలచటి మోడల్ ఆయిలు, సూది కొనమీద ఒక చుక్క, ఇరుసు బేరింగులకి మాత్రమే. కొబ్బరినూనె ఇంట్లో ఉంది కదా అని వెయ్యకండి. అది 24, 25 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, ధనుర్మాసంలో పొద్దున్నే స్విచ్చు వేస్తే మోటారు మూలుగుతుంది తప్ప చక్రం తిరగదు.